డాబా మీద ఒక యాంటెన్నాతో అయనోస్ఫియర్‌పై నిఘా: ఉపగ్రహ సిగ్నల్ సింటిలేషన్‌ను ఇంట్లోనే కొలిచే పద్ధతి

వానా లేదు, మబ్బూ లేదు, రిసీవర్ నిక్షేపంగా ఉంది. అయినా రాత్రి ఎనిమిది దాటాక దక్షిణం వైపున్న రెండు మూడు జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నల్ ఊగిసలాడటం మొదలుపెడుతుంది. 46 డెసిబెల్స్ దగ్గర స్థిరంగా ఉన్నది 30కి పడిపోతుంది, రెండు సెకన్లలో మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. అరగంటో గంటో అయ్యాక ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. దీన్నే సింటిలేషన్ అంటారు. గాలి పొరల వల్ల నక్షత్రం మిణుకుమన్నట్టే, పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర అయిన అయనోస్ఫియర్‌లోని ఎలక్ట్రాన్ల ఎగుడుదిగుళ్ల వల్ల రేడియో సిగ్నల్ మిణుకుమంటుంది.

దీన్ని సొంతంగా కొలవాలనుకునేవాళ్ల కోసం ఈ వ్యాసం: ఇంజినీరింగ్ విద్యార్థులు, సరదాగా రేడియో నడిపే హామ్ వాళ్లు, సర్వే రోవర్లు (నేల కొలిచే జీపీఎస్ పరికరాలు), డ్రోన్లు నడిపేవాళ్లు. లెక్కలు ఇంటర్ స్థాయి దాటవు. కొలవడం పెద్ద కష్టం కాదు. కొలిచింది నిజంగా అయనోస్ఫియర్ పనేనా, లేక పక్కనున్న నీళ్ల ట్యాంకు పనా అని తేల్చడమే అసలు కష్టం. అందుకే ఆ దశకు ఎక్కువ చోటిచ్చాను.

పొద్దుగూకాక పైన ఏం జరుగుతుంది

పగలు సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు పై వాతావరణంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ‘ఇ’ పొర, 250–400 కిలోమీటర్ల మధ్య చిక్కటి ‘ఎఫ్’ పొర ఏర్పడతాయి. సూర్యుడు వాలగానే ‘ఇ’ పొరలోని ఎలక్ట్రాన్లు అయాన్లతో గబగబా కలిసిపోతాయి, ఆ పొర దాదాపు ఖాళీ అవుతుంది. ‘ఎఫ్’ పొరలో ఉన్నవి ఎక్కువగా ఆక్సిజన్ పరమాణువుల అయాన్లు. అవి అంత తొందరగా ఎలక్ట్రాన్లను కలుపుకోవు, కాబట్టి ఆ పొర నిలుస్తుంది.

సరిగ్గా అదే వేళకు, అయస్కాంత భూమధ్యరేఖ మీద పగలంతా తూర్పు దిశగా ఉన్న విద్యుత్ క్షేత్రం రాత్రికి తిరగబడే ముందు ఒకసారి గట్టిగా పెరుగుతుంది. అక్కడ భూమి అయస్కాంత రేఖలు నేలకు సమాంతరంగా ఉంటాయి. రెండూ కలిసి ‘ఎఫ్’ పొరను పైకెత్తుతాయి. ఇప్పుడు చిక్కటి ప్లాస్మా (ఎలక్ట్రాన్లు, అయాన్ల మిశ్రమం) పైన, పలచటిది కింద. ఇలాంటి అమరిక ఎక్కువసేపు నిలవదు. కింది అంచున చిన్న అల లేచినా అది పెరిగి పెద్దదై, పలచటి ప్లాస్మా బుడగలా పైకి దూసుకుపోతుంది. దీన్ని రేలీ–టేలర్ అస్థిరత అంటారు. బుడగ గోడల మీద కిలోమీటర్ల నుంచి కొన్ని మీటర్ల వరకు అన్ని సైజుల్లో గజిబిజి ఏర్పడుతుంది. మన సిగ్నల్‌ను ఆడించేది ఆ గజిబిజే.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. పెరూలోని హ్వాంకాయో కేంద్రంలో రాత్రిపూట అయనోస్ఫియర్ ప్రతిధ్వనులు చెల్లాచెదురుగా రావడాన్ని బుకర్, వెల్స్ 1938లోనే రాశారు. ఆ దేశంలోనే హికమార్కా రాడార్‌తో వుడ్‌మన్, లా హోజ్ ఆ బుడగలు నిలువుగా పైకి లేచే తీరును 1976లో చూపించారు. మన దగ్గర అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ కొన మీదుగా, తిరువనంతపురం, తిరునెల్వేలి ప్రాంతాల మీదుగా పోతుంది. 1963 నవంబరు 21న మన దేశం నుంచి తొలి రాకెట్ ఎగరడానికి తిరువనంతపురం దగ్గరి తుంబాను ఎంచుకున్నది కూడా ఈ కారణంతోనే. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న 53 మెగాహెర్ట్‌జ్ రాడార్ ఈ బుడగల లోపలి మూడు మీటర్ల సైజు గజిబిజిని చూడగలదు.

మనవాళ్లకు అవసరమైన ముక్క ఒకటుంది. భూమధ్యరేఖ మీద లేచిన బుడగ అయస్కాంత రేఖల వెంబడి ఉత్తరానికీ దక్షిణానికీ పాకుతుంది. ఎంత ఎత్తుకు లేస్తే అంత దూరం. లెక్క వేస్తే, గాదంకి నెత్తిన 350 కిలోమీటర్ల ఎత్తును తాకే అయస్కాంత రేఖ భూమధ్యరేఖ దగ్గర సుమారు 440 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాద్ నెత్తిన తాకే రేఖ అయితే 600 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే బుడగ 500 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతే తిరుపతిలో సిగ్నల్ ఊగుతుంది, హైదరాబాద్‌లో ఊగదు. ఇంకా ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్ వైపు ఎలక్ట్రాన్ల సాంద్రత మరీ ఎక్కువ కాబట్టి, బుడగ అంత దూరం చేరిన రాత్రి అక్కడి ఊపు భూమధ్యరేఖ మీద కన్నా తీవ్రంగా ఉండొచ్చు.

దశ 1: కాలం చూసుకోవడం

మన రేఖాంశాల్లో మంచి నెలలు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్. దీనికి కారణం ఉంది. భారతదేశంలో అయస్కాంత ఉత్తరం, భౌగోళిక ఉత్తరం దాదాపు ఒకటే. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల రోజుల్లో సూర్యాస్తమయపు గీత కూడా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. అందువల్ల ఒకే అయస్కాంత రేఖకు రెండు కొసల్లో ఉన్న ‘ఇ’ పొరలు ఒకేసారి చీకట్లోకి పోతాయి, సాయంత్రపు విద్యుత్ క్షేత్రం బలంగా లేస్తుంది. డిసెంబర్, జనవరుల్లో తక్కువ. జూన్, జూలైల్లో సూర్యాస్తమయం తర్వాత వచ్చేది ఇంకా తక్కువ. సూర్యుడు మందకొడిగా ఉన్న ఏళ్లలో ఆ నెలల్లో అర్ధరాత్రి దాటాక బలహీనమైన గజిబిజి కనిపిస్తుంది గానీ, మొదటిసారి చూసేవాళ్లు దాని జోలికి పోకండి.

గంట విషయానికొస్తే, సాధారణంగా రాత్రి 7:30–8:30 మధ్య మొదలై, అర్ధరాత్రికి తగ్గుముఖం పడుతుంది. రాత్రి 7 నుంచి 1 వరకు రికార్డు చేస్తే చాలు.

ఇక సూర్యుడు. 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగంపై రోజూ కొలిచే సౌర ప్రవాహ సూచీ ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది 150 దాటి ఉన్న రోజుల్లో ఆశ పెట్టుకోవచ్చు. 80 దగ్గర ఉంటే ఎదురుచూపులే. ప్రస్తుత 25వ సౌరచక్రం గరిష్ఠ దశకు చేరిందని అమెరికా సంస్థలు నాసా, నోవా 2024 అక్టోబర్‌లో ప్రకటించాయి. ఆ తర్వాత దిగుముఖం పట్టే ఏళ్లలో కూడా విషువత్తుల నెలల్లో మంచి రాత్రులు దొరుకుతాయి.

సౌర తుపాను వార్త చూసి యాంటెన్నా ఎక్కించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ అది తప్పుదారి పట్టిస్తుంది. ధ్రువాల దగ్గర సింటిలేషన్‌కు తుపాను కావాలి. మన దగ్గర అది సూర్యాస్తమయంతో నడిచే వ్యవహారం. అయస్కాంత తుపాను సరైన సాయంత్రపు వేళ మొదలైతే బుడగల్ని రెచ్చగొడుతుంది, కానీ కొన్ని గంటలు గడిచాక అదే తుపాను వాటిని అణచివేయడమూ అంతే మామూలు. ప్రశాంతంగా ఉన్న మార్చి సాయంత్రమే మీకు మేలు. అయినా ఇవాళ వచ్చింది రేపు ఎందుకు రాదు అన్నది పరిశోధకులకే ఇప్పటికీ కొరుకుడుపడని ప్రశ్న. కాబట్టి ఒక్క రాత్రి చూసి వదిలేయొద్దు.

దశ 2: సరంజామా

ముందు ఫోన్. ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్ పెట్టుకుంటే ప్రతి ఉపగ్రహం సిగ్నల్ బలం కనిపిస్తుంది. గూగుల్ వారి జీఎన్ఎస్ఎస్ లాగర్‌తో ఫైలుగా కూడా దాచుకోవచ్చు. ఫోన్ బ్యాటరీ ఆదా కోసం రిసీవర్‌ను మధ్యమధ్యలో ఆపుతుంటుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘ఫోర్స్ ఫుల్ జీఎన్ఎస్ఎస్ మెజర్‌మెంట్స్’ ఆన్ చేయాలి. అయితే ఫోన్ యాంటెన్నా చిన్నది, గోడల నుంచి వచ్చే ప్రతిబింబాలన్నిటినీ లాగేసుకుంటుంది. దాంతో ‘ఏదో జరుగుతోంది’ అని తెలుస్తుంది, అంతకుమించి నమ్మకండి.

పనికొచ్చేది యూ-బ్లాక్స్ కంపెనీ ఎం8, ఎం10 తరహా జీపీఎస్ మాడ్యూలు, దానికి ఒక ప్యాచ్ (చదునైన) యాంటెన్నా, ఒక పాత ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై. రెండు ఫ్రీక్వెన్సీలు కావాలంటే ఎఫ్9పీ తరగతి మాడ్యూలు తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. అమెరికాలో డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు రాస్ప్‌బెర్రీ పైకి చవక రిసీవర్ తగిలించి ‘స్కింట్‌పై’ అనే మానిటర్ తయారుచేశారు, కాబట్టి ఈ దారి ఆటబొమ్మ దారేం కాదు. పరిశోధనశాలల్లో వాడే సింటిలేషన్ రిసీవర్లు సెకనుకు 50 నుంచి 100 సార్లు కొలుస్తాయి. మనకు అంత అక్కర్లేదు. ఎందుకో చూద్దాం.

జీపీఎస్ ప్రధాన తరంగమైన ఎల్1 పొడవు 19 సెంటీమీటర్లు. 350 కిలోమీటర్ల ఎత్తున ఉన్న గజిబిజిలో ఈ తరంగాన్ని ఎక్కువగా ఆడించే సైజు, తరంగదైర్ఘ్యాన్ని ఎత్తుతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీస్తే వస్తుంది: సుమారు 365 మీటర్లు. బుడగలు సెకనుకు 100 మీటర్ల వేగంతో తూర్పుకు జరుగుతాయనుకుంటే ఒక్కో ఊపుకు మూడున్నర సెకన్లు. సెకనుకు ఒక్కసారి కొలిచినా ఆ ఊపు అందుతుంది, కానీ అంచున అందుతుంది. తీవ్రమైన రాత్రుల్లో ఊపు ఇంకా వేగంగా ఉంటుంది. అందుకని సెకనుకు 5 లేదా 10 సార్లు పెట్టుకోండి.

దశ 3: యాంటెన్నా ఎక్కడ

డాబా మీద అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టండి. నీళ్ల ట్యాంకు, సోలార్ హీటర్, డిష్, లిఫ్టు గది గోడ, ఇవన్నీ యాంటెన్నా కన్నా కిందనే ఉండాలి. కుదరకపోతే కనీసం దక్షిణం, పడమర వైపు ఆకాశం తెరిపిగా ఉండాలి. బుడగలు వచ్చేది అటునుంచే. యాంటెన్నా కింద అరచేతి కన్నా కాస్త పెద్ద ఇనుప రేకు పెడితే కింది నుంచి వచ్చే ప్రతిబింబాలు తగ్గుతాయి. వానకు పలచటి ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి, సిగ్నల్‌కు అడ్డం కాదు. కేబుల్‌ను పైపులో దూర్చండి. కోతులు తిరిగే ఊళ్లో ఇది సలహా కాదు, షరతు.

చవక ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, ఫోన్ ఛార్జర్లు, యూఎస్‌బీ 3 కేబుళ్లు రేడియో రొద పుట్టిస్తాయి. రిసీవర్‌ను వాటికి దూరంగా ఉంచండి.

దశ 4: రికార్డింగ్

మీకు కావలసిన సంఖ్య సీ/ఎన్0: సిగ్నల్ శక్తికీ, రొద సాంద్రతకూ నిష్పత్తి, డెసిబెల్ హెర్ట్‌జ్‌లో. దాంతోపాటు సమయం, ఉపగ్రహం సంఖ్య, అది ఎంత ఎత్తున, ఏ దిక్కున ఉందో కూడా ప్రతి వరుసలో రాయించండి. సమయం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోనే ఉంచండి. మన రాత్రి 7 గంటలంటే యూటీసీ 13:30. యూటీసీలో తేదీ మారేది మన తెల్లవారుజామున 5:30కి. అంటే మన రాత్రంతా ఒకే తేదీ ఫైలులో వచ్చేస్తుంది, అర్ధరాత్రి దగ్గర ఫైలు తెగే బెడద ఉండదు.

గగన్ (జీపీఎస్ స్థానాన్ని సరిదిద్దే మన దేశపు వ్యవస్థ) ఉపగ్రహాలను తప్పకుండా ఆన్ చేయండి. జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 వీటి ప్రసారాల సంఖ్యలు 127, 128, 132. చాలా రిసీవర్ల ఎన్ఎంఈఏ (రిసీవర్ సమాచారం పంపే ప్రామాణిక రూపం) వరుసల్లో ఇవి 87 తగ్గించి, 40, 41, 45గా కనిపిస్తాయి. చూసినవాళ్లు కొత్తల్లో వేరే ఉపగ్రహాలనుకుంటారు. 132 అదనపు ఏర్పాటుగా ఉంచినది. ఏ రోజు ఏవి వినిపిస్తున్నాయో మీ తెర మీదే చూసుకోండి. ఇవి ఆకాశంలో కదలవు. మన పనికి అదే వరం, ఎందుకో దశ 7లో.

ఎక్సెల్ వాడేవాళ్లకు చిన్న హెచ్చరిక. సెకనుకు 5 కొలతలు, 12 ఉపగ్రహాలు, 6 గంటలు అంటే 12,96,000 వరుసలు. ఎక్సెల్ షీటు 10,48,576 దగ్గర ఆగిపోతుంది, మిగతావి తెరవదు. ఉపగ్రహానికొక ఫైలు చేసుకుంటే ఒక్కోటీ 1,08,000 వరుసలే.

దశ 5: ఎస్4 లెక్క

సింటిలేషన్ తీవ్రతకు ప్రపంచమంతా వాడే కొలమానం ఎస్4. ఒక నిమిషంలో సిగ్నల్ శక్తి ఎంత ఊగిందో దాని ప్రామాణిక విచలనం తీసి, సగటు శక్తితో భాగించడమే. చేయాల్సింది ఇంతే:

1. డెసిబెల్స్‌ను మామూలు సంఖ్య చేయండి: సీ/ఎన్0ను 10తో భాగించి, 10ని ఆ ఘాతానికి పెంచండి. ఈ మెట్టు దాటేసి డెసిబెల్స్ మీదే విచలనం తీస్తే వచ్చేది ఎస్4 కాదు.
2. ప్రతి విలువనూ దాని చుట్టూ ఉన్న ఒక నిమిషపు సగటుతో భాగించండి. ఉపగ్రహం లేస్తూ దిగుతూ ఉండటం వల్ల వచ్చే నెమ్మది మార్పు పోతుంది.
3. నిమిషానికొకసారి ఈ విలువల ప్రామాణిక విచలనం తీయండి. అదే ఎస్4.

చేత్తో ఒకసారి చేసి చూస్తే పట్టు దొరుకుతుంది. ఒక నిమిషంలో సగం కొలతలు 46, సగం 38 అనుకుందాం. మామూలు సంఖ్యల్లో 39,811, 6,310. సగటు 23,060, విచలనం 16,750. ఎస్4 0.73. ఇది గట్టి సింటిలేషన్.

ఇప్పుడు సగం 45, సగం 44 అనుకోండి. 31,623, 25,119. సగటు 28,371, విచలనం 3,252. ఎస్4 0.11. ఒక్క డెసిబెల్ తేడాకే ఇంత! యూ-బ్లాక్స్ మాడ్యూళ్లు సీ/ఎన్0ను పూర్ణాంకాల్లోనే ఇస్తాయి. పైన ఆకాశం నిశ్చలంగా ఉన్నా, విలువ 44.5 దగ్గర ఉంటే తెర మీద 44, 45 మధ్య దూకుతూనే ఉంటుంది. కాబట్టి ఈ సరంజామాతో 0.2 కన్నా తక్కువ ఎస్4కు అర్థం లేదు, గ్రాఫులో దాన్ని బూడిద రంగులో వేసి వదిలేయండి. 0.3 నుంచి 0.6 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం అనుకోవచ్చు. కొన్ని రాత్రులు 1 కూడా దాటుతుంది. తప్పు లెక్క అని కంగారుపడొద్దు, గజిబిజి కటకంలా పనిచేసి సిగ్నల్‌ను ఒక్కోచోట కూడగట్టినప్పుడు అలా అవుతుంది.

ఇంకొక పరిమితి. చాలా మాడ్యూళ్లు లోపలే సీ/ఎన్0ను కాస్త నునుపు చేసి ఇస్తాయి. మీ ఎస్4 పరిశోధనశాల రిసీవర్ ఇచ్చేదానికన్నా తక్కువగా రావడం సహజం. అందుకే వేరేవాళ్ల అంకెలతో పోల్చకండి; మీ రిసీవర్‌ను మీ రిసీవర్‌తోనే, నిన్నటి రాత్రితో ఇవాళ్టి రాత్రిని పోల్చండి.

దశ 6: ఆకాశాన్ని నిందించే ముందు డాబాను అనుమానించండి

మొదటి రాత్రే గ్రాఫులో ఎస్4 0.5 దగ్గర బారులు తీరి కనిపిస్తే, వాటిలో ఎక్కువ భాగం గోడలవీ, ట్యాంకులవీ అయ్యే అవకాశమే ఎక్కువ. నేరుగా వచ్చిన సిగ్నల్, ఏ రేకు మీదో తగిలి ఆలస్యంగా వచ్చిన సిగ్నల్ కలిసి ఒకసారి పెరుగుతూ, ఒకసారి తరుగుతూ ఉంటాయి. దీన్ని మల్టీపాత్ అంటారు. ఎస్4 లెక్కకు రెండూ ఒకటే, తేడా మనమే తేల్చాలి.

మొదటి వడపోత ఎత్తు. క్షితిజం నుంచి 30 డిగ్రీల లోపు ఉన్న ఉపగ్రహాలన్నిటినీ తీసేయండి. సగం చెత్త పోతుంది.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది, నాలుగు నిమిషాల పరీక్ష. జీపీఎస్ ఉపగ్రహాలు ఆకాశంలో అదే బాటలో ప్రతిరోజూ సుమారు నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి. 14వ నంబరు ఉపగ్రహం సోమవారం రాత్రి 9:20కి ఊగి, మంగళవారం 9:16కి, బుధవారం 9:12కి అదే ఆకారంలో ఊగితే, అది మీ డాబా. అయనోస్ఫియర్‌కు నక్షత్ర దినంతో పని లేదు, అంత క్రమశిక్షణా లేదు. వరుసగా వారం రోజుల గ్రాఫులను, ఒక్కోదాన్ని నాలుగు నిమిషాలు జరిపి ఒకదాని కింద ఒకటి పేర్చండి. నిలువుగా ఒకే గీతలో నిలబడ్డవన్నీ కొట్టేయండి. మిగిలినవే మీ చేప. ఈ పరీక్ష జీపీఎస్‌కే చేయండి. రష్యా గ్లోనాస్ బాట ఎనిమిది రోజులకు, ఐరోపా గెలీలియో బాట పది రోజులకు గానీ తిరిగి రావు.

మూడోది, ఎన్ని ఉపగ్రహాలు ఒకేసారి పడ్డాయన్నది. ఉత్తరం, దక్షిణం తేడా లేకుండా అన్నీ ఒకే క్షణంలో కుంగితే అది జోక్యం: పక్కింటి పరికరమో, ఊడిన కనెక్టరో, కరెంటు తగ్గడమో. బుడగ అలా చేయదు. ముందు పడమటి వైపు ఉపగ్రహాన్ని, తర్వాత నెత్తినున్నదాన్ని, ఆ తర్వాత తూర్పున్నదాన్ని వరసగా పట్టుకుంటుంది. ఉత్తరం వైపువి చాలా రాత్రులు ఎటువంటి బెదురూ లేకుండా ఉంటాయి.

నాలుగోది వేగం. డాబా మల్టీపాత్ సాధారణంగా నిమిషాల తరబడి సాగే నిదానపు అల. సింటిలేషన్ సెకన్లలో నడుస్తుంది. ఎస్4 అంకె ఒక్కటే చూడకుండా, అనుమానం వచ్చిన నిమిషపు మూల సీ/ఎన్0 వరుసను గ్రాఫు వేసి కంటితో చూడండి. మధ్యాహ్నం 12కు ఇలాంటిది కనిపించినా ప్లాస్మా బుడగ అనుకోవద్దు. పగలు అవి ఉండవు.

పనిలో పనిగా తరచూ వినిపించే ప్రశ్న ఒకటి: డిష్ టీవీ బొమ్మ ఆగిపోవడానికి ఇది కారణమా? కాదు. డిష్ నడిచేది పది గిగాహెర్ట్‌జ్ పైన, అక్కడ అయనోస్ఫియర్ పప్పులుడకవు. అక్కడి శత్రువు వాన. మధ్యలో ఉన్న 4 గిగాహెర్ట్‌జ్ బ్యాండులో మాత్రం భూమధ్యరేఖ ప్రాంతపు ఉపగ్రహ కేంద్రాలు 1970ల నాటికే ఈ ఊపును గమనించి ఆశ్చర్యపోయాయి.

దశ 7: మూడు గగన్ ఉపగ్రహాలతో బుడగ వేగం

జీశాట్-8 ఉన్నది 55 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, జీశాట్-10 ఉన్నది 83, జీశాట్-15 ఉన్నది 93.5. హైదరాబాద్ నుంచి చూస్తే మొదటిది నైరుతిలో 56 డిగ్రీల ఎత్తున, రెండోది దక్షిణాన 69 డిగ్రీల ఎత్తున, మూడోది ఆగ్నేయంలో 63 డిగ్రీల ఎత్తున ఉంటాయి.

వాటి సిగ్నళ్లు 350 కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్‌ను ఎక్కడ ఛేదిస్తాయో లెక్క కట్టాను. మూడు బిందువులూ హైదరాబాద్‌కు దాదాపు 120 కిలోమీటర్లు దక్షిణాన, ఇంచుమించు ఒకే అక్షాంశం మీద పడతాయి. జీశాట్-8ది రాయచూరుకు కాస్త పడమరగా, జీశాట్-10ది శ్రీశైలం అడవుల మీద, జీశాట్-15ది మాచర్ల దగ్గర. పడమటి నుంచి తూర్పుకు మొదటి రెంటి మధ్య సుమారు 210 కిలోమీటర్లు, తర్వాతి రెంటి మధ్య సుమారు 80. బుడగలు ఉత్తర దక్షిణాలుగా పరుచుకుని తూర్పుకు నడుస్తాయి కాబట్టి, ఇంతకన్నా అనువైన ఏర్పాటు కోరి కట్టుకున్నా దొరకదు.

చేయాల్సింది: మూడింటి ఎస్4 గ్రాఫులు ఒకదాని కింద ఒకటి వేసి, ఊపు మొదలైన సమయాలు రాసుకోండి. జీశాట్-8 మీద మొదలైన 25 నిమిషాలకు జీశాట్-10 మీద మొదలైతే, 210 కిలోమీటర్లకు 1,500 సెకన్లు, అంటే సెకనుకు 140 మీటర్లు. అదే వేగం నిజమైతే జీశాట్-15 దగ్గరికి ఇంకో తొమ్మిది, పది నిమిషాల్లో చేరాలి. చేరితే మీ లెక్క నిలిచినట్టే. సాధారణంగా తొలి రాత్రి 100–150 మీటర్లు, రాత్రి ముదిరే కొద్దీ తగ్గుతుంది. వెనక్కి, అంటే పడమరకు నడిచినట్టు వస్తే ఆ రోజు అయస్కాంత తుపాను ఉందేమో చూడండి.

ఇందులో ఒక ఇరకాటం ఉంది. తొమ్మిదిన్నరకు ముందు బుడగలు ఇంకా పుడుతూనే ఉంటాయి. పాత బుడగ నడిచొచ్చిందో, శ్రీశైలం మీద కొత్తది పుట్టిందో చెప్పలేం. అందుకని వేగం లెక్కకు తొమ్మిదిన్నర తర్వాతి వాటినే వాడండి. విజయవాడ, విశాఖ, తిరుపతి వాళ్లు తమ అక్షాంశ రేఖాంశాలతో ఛేదన బిందువులు మళ్లీ లెక్కించుకోవాలి. దూరాలు పెద్దగా మారవు గానీ ఊళ్లు మారతాయి.

దశ 8: రెండో ఫ్రీక్వెన్సీ ఉంటే

ఎల్1 (1575.42 మెగాహెర్ట్‌జ్), ఎల్5 (1176.45) రెండూ ఇచ్చే రిసీవర్ ఉంటే అదనపు సాక్ష్యం దొరుకుతుంది. బలహీనమైన ఊపులో ఎస్4 ఫ్రీక్వెన్సీ తగ్గే కొద్దీ 1.5 ఘాతంలో పెరుగుతుంది. అంటే ఎల్5 మీద ఎస్4 ఎల్1 కన్నా సుమారు 1.55 రెట్లు ఉండాలి. ఎల్1 మీద 0.3, ఎల్5 మీద 0.45 దరిదాపుల్లో వస్తే అది అయనోస్ఫియర్ సంతకం. డాబా ప్రతిబింబాలు ఈ నిష్పత్తిని పాటించవు. తీవ్రమైన రాత్రుల్లో మాత్రం రెండూ 1 దగ్గర నిలబడిపోతాయి, అప్పుడు నిష్పత్తి చూడకండి. ఇదే సూత్రం ప్రకారం మన దేశపు నావిక్ వ్యవస్థ వాడే ఎస్ బ్యాండు (2492.028 మెగాహెర్ట్‌జ్) మీద ఊపు ఎల్5లో మూడో వంతే ఉంటుంది.

రెండు ఫ్రీక్వెన్సీల ఆలస్యాల తేడా నుంచి దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య కూడా తీయొచ్చు. ఒక యూనిట్ (చదరపు మీటరుకు 10^16 ఎలక్ట్రాన్లు) తగ్గితే ఎల్1 మీద 16 సెంటీమీటర్ల తేడా. సాఫీగా పోతున్న గీత ఒక్కసారి గుంటలా దిగి, పది నుంచి ముప్పై నిమిషాల్లో మళ్లీ లేస్తే, ఆ గుంటే బుడగ. ఆ గుంట అంచుల దగ్గరే ఎస్4 ఎగసిపడటం చూస్తే, ఇన్ని మెట్లూ ఎక్కినందుకు ఫలితం దక్కినట్టే.

రోవర్, డ్రోన్ వాళ్లకు విడిగా

పొలంలో ‘ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) రావట్లేదు, ఫ్లోట్‌లోనే ఉంది’ అన్న మాట పగలు వినిపిస్తే కారణం చెట్లో, నెట్‌వర్కో, పగటి ఎలక్ట్రాన్ల సాంద్రత చోటు చోటుకూ మారడమో అయి ఉంటుంది. సూర్యాస్తమయం దాటిన గంటకు వినిపిస్తే సింటిలేషన్‌ను అనుమానించొచ్చు. బేస్ స్టేషన్ (తెలిసిన చోట నిలిపిన రెండో రిసీవర్) దగ్గరగా ఉంటే అయనోస్ఫియర్ ఆలస్యం చాలావరకు కొట్టుకుపోతుంది, కానీ సింటిలేషన్ కొట్టుకుపోదు. అది ఏ యాంటెన్నాకు ఆ యాంటెన్నా సిగ్నల్‌ను విడిగా దెబ్బతీస్తుంది, సైకిల్ స్లిప్పులు (రిసీవర్ తరంగాల లెక్క తప్పడం) తెస్తుంది. అన్ని దేశాల ఉపగ్రహాలూ ఆన్‌లో ఉంచండి. దక్షిణం కలతబడ్డా ఉత్తరం నిలబడుతుంది. ఎలివేషన్ మాస్క్ (ఇంతకన్నా కిందున్న ఉపగ్రహాలను వదిలేసే హద్దు) 15 డిగ్రీలు దాటించి, చేతిలో ఉన్న ఉపగ్రహాలను పోగొట్టుకోవద్దు. మార్చిలో, అక్టోబర్‌లో తప్పనిసరి రాత్రి పని ఉంటే అర్ధరాత్రి తర్వాతికి పెట్టుకోండి. ఎత్తు కచ్చితంగా కావలసిన పనైతే మర్నాడు ఉదయం అదే బిందువుకు మళ్లీ వెళ్లి సరిచూడటం మంచిది.

దశ 9: రెండో ఊరు

తిరుపతిలోనో, నెల్లూరులోనో ఇదే సరంజామా పెట్టే స్నేహితుడు దొరికితే బుడగ ఎత్తును కూడా అంచనా వేయొచ్చు. జీశాట్-10 దారి వెంట చూస్తే, తిరుపతికి తగిలే గజిబిజి భూమధ్యరేఖ మీద 400 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకు, హైదరాబాద్‌కు తగిలేది 550 పైచిలుకు ఎత్తుకు లేచి ఉండాలి. ఒక రాత్రి తిరుపతిలో ఎస్4 0.6 ఉండి హైదరాబాద్‌లో ఏమీ లేకపోతే, బుడగ ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఆగింది. రెండు చోట్లా వస్తే, ముందు తిరుపతిలో, కాసేపటికి హైదరాబాద్‌లో మొదలవ్వాలి. ఆ తేడాయే బుడగ పైకి లేచిన వేగానికి ఆనవాలు. ఇద్దరి గడియారాలు కలపాల్సిన పని లేదు, రెండు రిసీవర్లూ ఉపగ్రహ సమయాన్నే రాస్తాయి. ఒకే మోడల్ మాడ్యూలు, ఒకే సెట్టింగులు వాడండి. ఏమీ రాని రాత్రుల ఫైళ్లు కూడా ఇద్దరూ దాచండి. డాబా మచ్చలు తీసేయడానికి కావలసింది ఆ ఖాళీ రాత్రులే.